వీలైనప్పుడు రండి అని పిలిస్తే వంట మారాలి

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోరు. భోగి మంటల హడావుడి, సంక్రాంతి పూజలు ముందు రోజుకే అయిపోయి ఉంటాయి. నలుగురినీ ఇంటికి పిలుచుకోవడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజు లేదు. "పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉంటాం, మీకు వీలైనప్పుడు రండి" అనడం ఆ రోజుకి చక్కగా సరిపోయే పిలుపు. పిలుపులో తప్పేం లేదు. దాని వెనకాల చేసే వంటతోనే చిక్కు.

చాలా ఇళ్ళలో ఈ పిలుపుకి పెళ్ళి భోజనం జాబితా తగిలిస్తారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, సాంబారు, అప్పడాలు, అప్పటికప్పుడు వేసిన గారెలు, వేడి బూరెలు. ఇవన్నీ పంక్తి కోసం పుట్టిన వంటలు. పంక్తిలో అందరూ ఒకేసారి కూర్చుంటారు, ఒకేసారి లేస్తారు, కాబట్టి వంట ఒక్క సమయానికి అందితే చాలు. ఎవరెప్పుడు వస్తారో తెలియని ఇంట్లో ఆ ఒక్క సమయం ఆరు గంటల పాటు సాగుతుంది. పన్నెండింటికి పొగలు కక్కిన పప్పు రెండింటికి గడ్డ కడుతుంది. అప్పడం మెత్తబడుతుంది. అన్నం మూడుసార్లు వండాలి. ఇల్లాలు పొయ్యి దగ్గర్నుంచి కదలదు. వచ్చినవాళ్ళు వంటింటి గడపలో నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు. మరుసటేడు ఆ ఇంట్లో క్యాటరింగ్ చెబుతారు, లేదా పిలవడమే మానేస్తారు.

రెండూ అక్కర్లేదని నా వాదన. వేడివేడిగా పెట్టాలన్న పట్టుదల ఒక్కటి వదిలేసి, చల్లారినా రుచి తగ్గని వంటల్ని ఎంచుకుంటే మామూలు వంటింట్లో ఇద్దరు మనుషులు 50 మందికి హాయిగా పెట్టగలరు. పైగా ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కాదు. మన పేరంటం ఇదే కదా. బొమ్మల కొలువు పెట్టిన ఇంటికి సాయంత్రం ఎవరికి కుదిరినప్పుడు వాళ్ళు వస్తారు, కాసేపు కూర్చుంటారు, నానబెట్టిన సెనగలు, తాంబూలం తీసుకుని వెళ్తారు. ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. ఆ సెనగలు ఐదింటికి ఎలా ఉంటాయో ఎనిమిదింటికీ అలాగే ఉంటాయి. పేరంటం సాఫీగా సాగిపోవడానికి సగం కారణం అదే.

మలేషియాలో దీన్ని రూమా తెర్బుకా అంటారు, అంటే తెరిచిన ఇల్లు. రంజాన్‌కీ, దీపావళికీ, చైనా కొత్త సంవత్సరానికీ ఇరుగుపొరుగు మతభేదం లేకుండా ఒకరింటికొకరు వెళ్ళి తినొస్తారు. తోటల్లో పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన మర్యాదే. అక్కడ రంజాన్ నాడు బల్ల మీద ఏముంటాయో చూడండి. కొబ్బరాకు బుట్టలో బియ్యం పోసి ఉడికించి, చల్లారాక ముక్కలుగా కోసే కెతుపాట్. కొబ్బరిపాలు ఇగిరి నూనె తేలేదాకా గంటల తరబడి వేయించే రెండాంగ్. రెండూ చేసి ఉంచుకునే వంటలే. తలుపు తెరిచి పెట్టే ఆచారం ఉన్నచోట దానికి తగిన వంట కూడా ఉంది. మన దగ్గర ఆ వంట లేక కాదు, దాన్ని ప్రసాదాల ఖాతాలోనో ప్రయాణపు మూటల ఖాతాలోనో వేసేశాం.

ముందు పిలుపులో మాట సరిచేసుకోవాలి. "భోజనానికి రండి" అంటే అందరూ ఒంటిగంటకే వస్తారు, అన్నం, పప్పు, కూర ఉంటాయనుకుంటారు. "పండగ ఫలహారానికి రండి, పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఎప్పుడైనా సరే" అంటే రాక కాస్త పలచబడుతుంది, ఆశ కూడా మారుతుంది. ముగింపు వేళ చెప్పడం మనకు మొహమాటం. దాన్ని టీ మీదకు నెట్టేయొచ్చు. "నాలుగింటికి టీ పెడతాం" అని పిలిచేటప్పుడే చెబితే, టీ తాగడం లేచే వేళని అందరికీ అర్థమవుతుంది.

ఇక లెక్క. 50 మంది, ఐదున్నర గంటలు, ఒక్కొక్కరు గంట సేపు ఉంటారనుకుంటే, సమంగా వస్తే ఏ సమయంలోనైనా ఇంట్లో తొమ్మిదిమందే ఉంటారు. కానీ సమంగా రారు. పన్నెండున్నర, రెండు మధ్య సగంమంది ఉంటారు. అందుకని కుర్చీలు, చాపలు, కంచాలు 25 మందికి సరిపడా చాలు. కంచాలు కడిగే మనిషి లేకపోతే అడ్డాకు విస్తళ్ళు తెచ్చుకోండి. ఎండినవి వాడే ముందు నీళ్ళు చిలకరించి పది నిమిషాలు ఉంచితే మెత్తబడి విరగవు. తాగే నీళ్ళు 20 లీటర్ల క్యాన్లు రెండు. చెత్తకు రెండు డబ్బాలు. వాటిలో ఒకటి వాష్ బేసిన్ పక్కనే ఉండాలి, లేకపోతే విస్తళ్ళు బాల్కనీ గట్టు మీద పేరుకుంటాయి.

ఈ వంటలో పెద్దదిక్కు పులిహోర. మిగతావి ఉన్నాయి కాబట్టి మనిషికి 50 గ్రాముల బియ్యం, అంటే 50 మందికి రెండున్నర కిలోలు. కిలో బియ్యం ఉడికితే రెండు కిలోల ముప్పావు దాకా అవుతుంది. కిలోకి చింతపండు 100 నుంచి 120 గ్రాములు, నువ్వుల నూనె గానీ వేరుశనగ నూనె గానీ 150 మిల్లీలీటర్లు, ఉప్పు 40 గ్రాములు, చీల్చిన పచ్చిమిరపకాయలు 15, ఎండుమిర్చి 8, సెనగపప్పు, మినప్పప్పు 50 గ్రాముల చొప్పున, పల్లీలు 100 గ్రాములు. పాత సోనామసూరి బియ్యం దొరికితే మేలు. కొత్త బియ్యం అంటుకుంటుంది. నీళ్ళు ఒకటికి రెండు దాటకూడదు.

చింతపండు గుజ్జుని పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి నూనె తేలేదాకా ఉడికించి రెండు రోజుల ముందే సీసాలో పెట్టేయొచ్చు. నీరు మిగిలిన గుజ్జు కలిపితే అన్నం ముద్దవుతుంది, పచ్చి వాసన కూడా పోదు. అన్నం ఉడకగానే వెడల్పాటి బేసిన్‌లో పరిచి, వేడి మీదే పసుపు, పచ్చి కరివేపాకు, రెండు గరిటెల నూనె వేసి వదిలేయాలి. మెతుకు మీద నూనె పట్టాక, ఆవిరి పోయాక గుజ్జు కలపాలి. చేత్తో కలిపితేనే మెతుకు విరగదు. కలిపిన వెంటనే రుచి చూసి "సరిపోయింది" అనుకుంటే అక్కడే పొరపాటు. రెండు గంటల్లో అన్నం ఉప్పూ పులుపూ లాగేసుకుని చప్పబడుతుంది. కలిపినప్పుడు నాలిక్కి కాస్త ఎక్కువే అనిపించాలి. పల్లీలు మాత్రం విడిగా వేయించి ఉంచి, గిన్నె బల్ల మీదకు వెళ్ళేముందు చల్లండి. పొద్దున్నే కలిపేస్తే మధ్యాహ్నానికి మెత్తబడతాయి.

మొత్తం బియ్యం ఒకేసారి వండొద్దు. కిలోన్నర పొద్దున తొమ్మిదింటికి, మిగతా కిలో పన్నెండున్నరకి. గుజ్జు సిద్ధంగా ఉంది కాబట్టి రెండో విడత అరగంట పని. వండిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచి పొద్దున పులిహోర కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. వెచ్చగా గంటల కొద్దీ ఉన్న అన్నంలో అవి మొలకెత్తి వదిలే విషాల్లో ఒకటి మళ్ళీ వేడి చేసినా పోదు. చింతపండు పులుపు వాటికి గిట్టదు. కాబట్టి అన్నం ఆరగానే, అంటే గంటలోపే, పులుపు కలిసిపోవాలి.

దద్దోజనంలో అందరూ చేసే తప్పు పెరుగు ఎక్కువ పోయడం. పొద్దున కమ్మగా ఉన్నది మూడింటికి పళ్ళు పులిసేలా తయారవుతుంది. కిలో బియ్యం మెత్తగా వండి, మెదిపి, కాచి చల్లార్చిన పాలు రెండు లీటర్లు, పెరుగు అరలీటరు కలపండి. తినే వేళకి పాలే తోడుకుంటాయి. గట్టిపడితే మళ్ళీ పాలే పోయాలి. అల్లం, మిరియాలు, ఇంగువ తిరగమోత ముందే వేయొచ్చు. దానిమ్మ గింజలు మాత్రం వడ్డించేటప్పుడే, లేదంటే గులాబీ రంగు నీరు ఊరుతుంది. 50 మందికి కిలోంబావు బియ్యం చాలు.

తీపికి బొబ్బట్లే. తెలంగాణలో భక్ష్యాలు, పోలెలు అన్నా, సీమలో ఓళిగలు అన్నా పద్ధతి ఒకటే. బూరెలు, పాయసం, చక్కెర పొంగలి ఈ రకం విందుకి నప్పవు. బూరె గంటలో మెత్తబడుతుంది, పొంగలి గరిటె దిగనంత గట్టిపడుతుంది. బొబ్బట్టు ముందు రోజు సాయంత్రం చేసినా మర్నాడు ఇంకా మెత్తగా, రుచిగా ఉంటుంది. కిలో సెనగపప్పుకి 900 గ్రాముల బెల్లం, 800 గ్రాముల మైదా. 45 దాకా వస్తాయి. 50 మందికి కిలోన్నర పప్పు వేసుకోవాలి. కొందరు రెండు తింటారు, కొందరు ముట్టరు, చివరికి సరిపోతుంది.

పప్పుని గంట నానబెట్టి, కుక్కర్లో కాకుండా మూత తీసిన గిన్నెలో ఉడికించండి. వేళ్ళ మధ్య నొక్కితే చితకాలి, గిన్నెలో మాత్రం బద్ద బద్దగానే కనిపించాలి. కుక్కర్లో ముద్దయిన పప్పు నీళ్ళు పట్టేసుకుంటుంది. దానికి బెల్లం తోడైతే పూర్ణం ఎంతసేపు కలిపినా దగ్గరపడదు. పప్పు వార్చి, జల్లెడలో అరగంట వదిలి, మెత్తగా రుబ్బాక బెల్లం వేసి, గరిటె నిలబెడితే పడిపోకుండా ఉండేదాకా పొయ్యి మీద తిప్పాలి. పిండిలో చిటికెడు ఉప్పు, పసుపు వేసి జారుగా కలిపి, నూనెలో ముంచినట్టుగా రెండు గంటలు నాననివ్వాలి. ఒత్తేటప్పుడు చిరుగుతోందంటే మూడు కారణాలుంటాయి. పూర్ణంలో నలగని బద్ద మిగిలింది, పిండి నానలేదు, లేదా పూర్ణం పిండి కన్నా గట్టిగా ఉంది. రెండూ ముట్టుకుంటే ఒకే మెత్తదనం తెలియాలి. కాల్చినవి వేడి మీదే దొంతర పెడితే చెమర్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుడ్డ మీద విడివిడిగా ఆరబెట్టి, తర్వాత మధ్య మధ్య అరిటాకు ముక్క పెట్టి పేర్చండి. రెండు పెనాలు పెట్టుకుంటే 65 బొబ్బట్లకి రెండు గంటలు పడుతుంది. వడ్డించేటప్పుడు పక్కన కరిగిన నెయ్యి ఉండాలి. జనవరిలో అది పేరుకుపోతూ ఉంటుంది కాబట్టి నేతి గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి.

పప్పు వార్చిన కట్టు పారబోయకండి. ఈ విందు పొడుగునా వేడిగా ఉండాల్సిన ఒకే ఒక్కటి దాంతోనే వస్తుంది. కట్టులో చింతపండు పులుసు, పిడికెడు పూర్ణం, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి మరిగించి, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ పోపు పెడితే బొబ్బట్ల చారు. ముందు రోజు కట్టుని చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి పండగ పొద్దున చారు కాయండి. ఐదు లీటర్ల గిన్నెలో సన్నటి సెగ మీద, కింద పాత పెనం పెట్టి ఉంచితే పొగలు వస్తుంటాయి కానీ తెర్లదు. మళ్ళీ మళ్ళీ తెర్లితే పోపు వాసన పోతుంది. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి చేతికి ఓ చిన్న గ్లాసు చారు ఇవ్వండి. మిగతావన్నీ చల్లగా ఉన్నాయన్న ఆలోచనే రాదు.

గారెల సంగతి కష్టం. కనుమ నాడు మినుము తినాలన్నది మన మాట, గారె లేని కనుమ ఉండదు. కానీ గారె అరగంటలో కరకర పోయి, గంటకి సాగుతుంది. దీనికి రెండు దారులున్నాయి, రెండూ వాడాలి. ఎక్కువ భాగం ఆవడలు చేయండి. కొంత పిండితో వేడి గారెలు వేయండి, కానీ ఒక్క గంట మాత్రమే, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా. ఆ సంగతి పిలిచేటప్పుడే చెప్పాలి. వేడి గారె కావాలనుకునేవాళ్ళు ఆ గంటలో వస్తారు, గంట అయ్యాక మూకుడు దించేయాలి. ఈ హద్దు లేకపోతే ఒక మనిషి రోజంతా నూనె ముందే నిలబడాల్సి వస్తుంది.

కిలో గుండు మినప్పప్పుకి 50 నుంచి 60 గారెలు వస్తాయి. కిలోన్నర నానబెట్టుకోండి. మూడు నాలుగు గంటలు చాలు, అంతకుమించి నానితే నూనె తాగుతాయి. మిక్సీ వేడికి పిండి పలచబడుతుంది కాబట్టి చల్లటి నీళ్ళు చెంచాలతో చిలకరిస్తూ, కొద్ది కొద్దిగా రుబ్బాలి. గ్రైండర్ ఉంటే ఈ బాధ లేదు. గిన్నెలో నీళ్ళు పోసి చిన్న ముద్ద వేస్తే తేలాలి. మునిగితే గాలి పట్టలేదని అర్థం, చేత్తో ఇంకో ఐదు నిమిషాలు గిలక్కొట్టండి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది, వేసే ముందు కలుపుకోవాలి. మధ్యలో చిల్లు సోకు కోసం కాదు, నడిమి భాగం కాలడానికి. ఆవడల కోసం వేసినవాటిని వేడిమీదే గోరువెచ్చటి నీళ్ళలోనో పలచటి మజ్జిగలోనో పది నిమిషాలు ఉంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, పోపు పెట్టిన పెరుగులో వేయాలి. ఆ నానబెట్టడం మానేస్తే లోపల పిండి పిండిగా ఉండిపోతుంది. 50 ఆవడలకి రెండు లీటర్ల పెరుగు పడుతుంది. ఇవి ఫ్రిజ్‌లోనే ఉండాలి. చిన్న గిన్నెతో బయట పెట్టి, రెండు గంటలు దాటితే ఆ గిన్నె మార్చేయండి.

ఆవడలకీ, దద్దోజనానికీ, మజ్జిగకీ కలిపి ఆరు లీటర్ల పెరుగు కావాలి. జనవరి చలికి పాలు త్వరగా తోడుకోవు. వేసవిలో కన్నా వెచ్చగా ఉన్నప్పుడే తోడు వేసి, గిన్నెకి దుప్పటి చుట్టి, ముందు రోజు సాయంత్రం ఏడింటికే పెట్టేయండి.

అరిసెలు, సకినాలు, జంతికలు, చేగోడీలు మాత్రం కొనుక్కోమంటాను. ఇంటి వంట అని పేరు పెట్టాక కొనడమేమిటని అడిగేవాళ్ళుంటారు. అరిసె పాకం ఒక్క నిమిషం ముదిరితే రాయి, లేతైతే నూనెలో విడిపోతుంది. సకినం చేతి తిప్పు ఏళ్ళ తరబడి అలవాటైతే గానీ రాదు. ఆ పని వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని నాలుగు రోజుల ముందే చేసుకోండి. లేకపోతే ఆ శ్రమని బొబ్బట్ల మీద పెట్టండి. అంగట్లో దొరికే బొబ్బట్టుకీ ఇంటి బొబ్బట్టుకీ ఉన్న తేడా, అంగడి జంతికకీ ఇంటి జంతికకీ లేదు.

కనుమంటే మాంసం అనుకునే ఇళ్ళలో చారు బదులు ఆ ఒక్క వేడి గిన్నె నాటుకోడి పులుసు కావచ్చు. గారెకి అంతకన్నా జోడీ లేదు. ఫారం కోడి వద్దు, రెండు గంటలు సెగ మీద ఉంటే పీచు పీచుగా విడిపోతుంది. మటన్ కూడా నిలుస్తుంది. ఏదైనా వేలు పెట్టలేనంత వేడిగా, అంటే 60 డిగ్రీలకు పైనే, ఉంచాలి. గరిటె దానికే విడిగా ఉండాలి, బల్ల కూడా విడిగా ఉంటే శాకాహారులకు నిశ్చింత.

బల్ల మీద గిన్నెలు చిన్నవే పెట్టండి. పులిహోర కిలోన్నర పట్టే గిన్నె చాలు. అయిపోవచ్చినప్పుడు దానిమీద కొత్తది పోయకుండా గిన్నె మార్చి ఇంకోటి పెట్టాలి. అప్పుడు మూడున్నరకి వచ్చిన మనిషికి కూడా తొలి గిన్నె అందుతుంది. సగం ఖాళీ అయిన పెద్ద డేక్సా చూస్తే మిగిలినవి పెడుతున్నారనిపిస్తుంది, ఎంత రుచిగా ఉన్నా సరే.

ఎవరికి వారే వడ్డించుకోవడం పెద్దవాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. అది వాళ్ళ పట్టింపు అని కొట్టిపారేయకూడదు. కొసరి వడ్డించడం మన మర్యాదలో ముఖ్యమైన ముక్క. అరవై దాటినవాళ్ళకి కుర్చీ వేసి, విస్తరి చేతికిచ్చి, "పెద్దమ్మా, ఇంకొక్క ఆవడ వేసుకోండి" అనే మనిషి ఒకరు హాల్లో ఉండాలి. ఆ మనిషి ఇంటి యజమానురాలే కావాలి. గిన్నెలు మార్చడం, నీళ్ళు, చారు సెగ చూసుకోవడం ఇంటాయన పని. ఇందులో వంట నైపుణ్యం అక్కర్లేదు, రెండో విడత పులిహోర, ఆ గంటసేపు వేసే గారెలు తప్ప వంటంతా పదకొండింటికే అయిపోయింది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి కనుమ ఏ బుధవారమో వస్తే పిలుపు శనివారానికి మారుతుంది. జాబితా మార్చక్కర్లేదు, ఒక్క గారెల విషయంలో తప్ప. కిటికీలు మూసిన అపార్ట్‌మెంట్‌లో గంటసేపు నూనె కాగితే పొగ అలారం మోగుతుంది. అక్కడ గారెలు ముందు రోజే వేసేసి అన్నీ ఆవడలే చేయండి. తలా ఒకటి వండి తెచ్చే పద్ధతి ఈ విందుకి పనికిరాదు. మొదట వచ్చినవాళ్ళకి బల్ల ఖాళీగా ఉంటుంది, ఆఖరికి మూడు రకాల పులిహోరలు తేలతాయి.

"పండగ పూట పిలిచి చల్లారినవి పెడతామా?" అనేది దీనికి వచ్చే పెద్ద అభ్యంతరం. చల్లారిపోయినదీ, చల్లగా తినడానికే చేసినదీ ఒకటి కావు. గుడిలో దొన్నెలో పెట్టిన పులిహోర చల్లగా ఉందని ఎవరూ వెనక్కివ్వరు. ఆవడ వేడిగా ఉండాలని ఎవరూ కోరరు. చల్లారిపోయిన సాంబారు పెట్టడం అమర్యాద, ఒప్పుకుంటాను. అందుకే సాంబారు చేయొద్దంటున్నాను.

నాలుగింటికి టీ పెట్టాక మిగిలినవి పంచేయండి. బొబ్బట్లు, జంతికలు మూట కట్టి ఇవ్వొచ్చు, బొబ్బట్టు బయటే ఇంకో రోజు ఉంటుంది. రెండో విడత పులిహోర ఆ రాత్రికి తినేయమని చెప్పి ఇవ్వండి. ఆవడలు, దద్దోజనం ఎవరికీ కట్టివ్వకండి, దారిలో ఎంతసేపు బయట ఉంటాయో మన చేతిలో లేదు. గారెలు వేసిన నూనె చల్లారాక గుడ్డలో వడకట్టి విడిగా పెట్టుకుంటే వారంలోపు పోపులకి వాడేసుకోవచ్చు.